దుకాణము ముందరి చెట్టు

మానవుడు ఇల్లు కట్టుకొన నేర్చిన నాటి నుండియు ఇంటి ముందర ఒక చెట్టును కోరుకొనుచునే యున్నాడు. మన పూర్వులు సప్తసంతానములను పేర్కొనునపుడు కొడుకు, కావ్యము, నిధి, దేవాలయము, చెరువు, అగ్రహారము అను వాటి సరసన వనమును కూడ చేర్చినారు. మా ముస్లిం కుటుంబములలో చెట్టు నాటుటను సదఖయె జారియా అందురు. అనగా నాటినవాడు కన్నుమూసిన పిదప కూడ అతనికి పుణ్యము చేరుచుండెడి దానము. భాషలు వేరైనను భావ మొక్కటియే. చెట్టు నాటువాడు తన కొరకు నాటుకొనడు.

అయితే ఈ వ్యాసమున నేను చెప్పబోవునది పుణ్యము కొరకు వేసిన తోటను గురించి కాదు. వ్యాపారము కొరకు వేసిన తోటను గురించి. బట్టల దుకాణము, ఆసుపత్రి, ఫంక్షన్ హాలు, పెట్రోలు బంకు, హోటలు, కార్యాలయము - వీటి ముందర నాలుగు మొక్కలు నాటి, వాటిని ఏడాది పొడుగునా పచ్చగా నిలుపు పని ఒకటి యున్నది. లోకము దీనిని పెద్ద పనిగా గుర్తించదు. కాని నేటి పట్టణములలో మిగిలియున్న పచ్చదనములో చాల భాగము ఈ పని మీదనే ఆధారపడి యున్నది. నా బ్రతుకు కూడ దీని మీదనే ఆధారపడి యున్నది.

నేను ఈ కళాశాలలో బి.కాం. చదివిన పూర్వ విద్యార్థిని. మా దాదా ఒక సర్కారు బంగళాలో బాగ్బాన్‌గా జీవితమంతయు గడపినారు. అబ్బాజాన్ పగలు ఒక కార్యాలయపు తోటలో పనిచేసి, సాయంకాలము ఊరిలోని ఇండ్లకు పోయి గులాబీలు కత్తిరించెడివారు. నన్ను మాత్రము కలము పట్టవలెనని కోరినారు. నేను కలము పట్టితిని. జమాఖర్చుల లెక్కలు నేర్చితిని. ఒక దుకాణములో కొన్నేండ్లు గుమాస్తాగా కూడ ఉంటిని. అబ్బాజాన్‌కు మోకాళ్ళ నొప్పులు వచ్చి నేల మీద కూర్చొనలేని స్థితి ఏర్పడినపుడు, ఆయన ఖుర్పీ నా చేతికి వచ్చినది. నేడు పాలమూరు పట్టణములో పదునాలుగు వ్యాపార స్థలముల తోటలు నా చేతిలో ఉన్నవి. నాతో పాటు ఐదుగురు పనిచేయుచున్నారు. చదివిన చదువు వృథాయైనదని కొందరు బంధువులు విచారించినారు. వృథా కాలేదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ పనికి మొదట తెలియవలసినది నేల స్వభావము. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేర 1890 డిసెంబరు 4న మహబూబ్‌నగర్ అని పేరు పొందిన ఈ ఊరు, ప్రజల నోట నేటికిని పాలమూరే. పేరులో పాలున్నను నేలలో నీరు తక్కువ. ఏడాదికి కురియు వాన సగటున ఆరువందల మిల్లీమీటర్ల ప్రాంతము. అది కూడ జూన్ నుండి సెప్టెంబరు లోపల, కొన్ని దినములలో కురిసి ముగియును. నేల ఎక్కువగా ఎర్రని చల్క. రెండడుగులు త్రవ్వగానే మొరము, దాని క్రింద రాయి. నీరు నిలువదు, నిలిచిన చోట ఇంకదు. మే మాసమున ఎండ నలుబది రెండు డిగ్రీలు దాటుట మనకు వింత కాదు. ఇట్టి చోట ఊటీ చిత్రపటమును చేతికిచ్చి, దీనివలె చేసిపెట్టుమని అడుగు యజమానులు నాకు ఏటేట ఇద్దరు ముగ్గురైనను తటస్థపడుదురు.

వారు కోరునది ప్రధానముగా పచ్చిక. పచ్చిక అందమైనదే, కాదనుటకు వీలులేదు. కాని ఇక్కడ నా వాణిజ్యశాస్త్రము ముందుకు వచ్చును. యజమాని ఎదుట ఒక కాగితము పెట్టి లెక్క వేయుదును. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపిన అది ఒక లీటరగును. మన వేసవిలో పచ్చిక పసుపెక్కకుండ ఉండవలెనన్న దినమునకు ఐదు మిల్లీమీటర్లకు తక్కువ కాకుండ నీరు కావలెను. రెండు వందల చదరపు మీటర్ల పచ్చికకు దినమునకు వెయ్యి లీటర్లు. నూరు దినముల వేసవికి లక్ష లీటర్లు. పట్టణమున ఒక మనిషికి దినమునకు 135 లీటర్లు కావలెనని ప్రభుత్వ ప్రమాణము. అనగా ఆ పచ్చిక ఏడుగురు మనుష్యుల నీటిని త్రాగుచున్నది. నీటి ట్యాంకరు కొరకు బిందెలు పట్టుకొని ఆడవారు నిలుచున్న వీధిలో, గోడకు ఈవలి వైపున పిచికారీ తిరుగుచుండుట ఏ వ్యాపారికిని మంచి పేరు తెచ్చునది కాదు.

అదే స్థలములో ఇరువదియైదు చెట్లు నాటినచో, ఒక్కొక్క పిల్ల మొక్కకు వారమునకు రెండు మారులు ఇరువది లీటర్ల చొప్పున పోసినను, వారమునకు వెయ్యి లీటర్లు చాలును. పచ్చిక ఒక దినమున త్రాగునది చెట్లకు ఒక వారము వచ్చును. మూడేండ్లు గడచి వేరు లోతునకు దిగిన పిదప ఆ మాత్రము కూడ అడుగని చెట్లు మన నేలలో ఎన్నియో కలవు. పచ్చికయో, అది జీవించినంత కాలము పసిబిడ్డయే.

ఇంక ఒక లెక్క కూడ చెప్పుదును. ఐదు వందల చదరపు మీటర్ల పైకప్పు గల భవనము మీద మన ఆరు వందల మిల్లీమీటర్ల వానయే మూడు లక్షల లీటర్లుగా కురియును. అందులో సగమైనను గుంతలోనికి మళ్ళించినచో లక్షన్నర లీటర్లు భూమిలో చేరును. తోట ప్రణాళిక మొక్కలతో గాక పైకప్పు గొట్టముతో ప్రారంభము కావలెనని నేను చెప్పునది ఇందుకే. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము - మన వాడుకలో వాల్టా చట్టము - వాన నీటి గుంతలను, చెట్ల పెంపకమును, చెట్టు నరుకుటకు ముందు అనుమతిని గురించి చెప్పుచున్నది. 2012లో వెలువడిన భవన నిర్మాణ నియమములు స్థలము ముందరి భాగమున పచ్చని పట్టీ విడిచి పెంచవలెనని చెప్పుచున్నవి. నక్షా కాగితము మీద ఆ పట్టీ ఆకుపచ్చ రంగుతో అందముగా నుండును. అనుమతి వచ్చిన పిదప నేల మీద అది బూడిద రంగులోనికి మారుట నేను పలుమారు చూచితిని.

నేలను, నీటిని చూచిన తరువాత చూడవలసినది మనుష్యుల నడకను. ఇల్లు వేరు, వ్యాపార స్థలము వేరు. ఇంటి తోటలో నడచువారు నలుగురు. వారికి మొక్కల పేర్లు తెలియును. దుకాణమునకు వచ్చువాడు పరాయివాడు, తొందరలో నుండువాడు. అతడు తిన్ననైన దారినే కోరును. మెట్ల వద్దకు దగ్గరి దారికి అడ్డముగా పూల క్యారీ వేసినచో, మొదటి వారములోనే ఆ క్యారీ మధ్యన కాలిబాట పడును. కావున క్రొత్త స్థలము ఒప్పుకొన్న ప్రతిసారియు నేను మూడు దినములు ఏమియు నాటక, ఒక మూల కూర్చొని చూచెదను. బండ్లు ఎచట నిలుచుచున్నవి, ముసలివారు ఎచట ఆగి ఊపిరి తీసికొనుచున్నారు, సాయంకాలపు పడమటి ఎండ ఏ గోడను కాల్చుచున్నది, వాన నీరు ఏ మూలకు పారుచున్నది, కరెంటు తీగలు ఏ ఎత్తున ఉన్నవి - ఇవి తెలిసిన పిదప చెట్టు తన చోటును తానే చెప్పును. తీగల క్రింద ఎత్తు పెరుగు చెట్టును నాటువాడు, పదేండ్ల తరువాత గొడ్డలి పట్టువానికి నేడే పని యిచ్చుచున్నాడు.

ఆసుపత్రి ముందరి తోట ఒక తీరు, ఫంక్షన్ హాలు ముందరిది వేరొక తీరు. ఆసుపత్రిలో రోగి కంటె రోగితో వచ్చినవాడు ఎక్కువ సేపు బయట కూర్చుండును. అతనికి పూలు కాదు, నీడ కావలెను. నీడలో ఒక అరుగు కావలెను. పిల్లలు తిరుగాడు చోట గన్నేరు నాటరాదు. దాని ఆకు, పువ్వు, పాలు సర్వము విషము. ఫంక్షన్ హాలు వారికి పెండ్లి దినమున ఫోటోలో పచ్చదనము పడవలెను. అచట నూరు వరహాలు, నందివర్ధనము, కాగితపు పూలు, దేవగన్నేరు పనికివచ్చును. కాగితపు పూల మొక్కకు నీరు ఎక్కువైన ఆకులే వచ్చును, కొంచెము కరవు పెట్టిననే పూయును. పాలమూరు బిడ్డ వంటి మొక్క అని అబ్బాజాన్ నవ్వుచు అనెడివారు.

మొక్కల ఎంపికలో నేటి కాలమున ఒక వేలంవెర్రి బయలుదేరినది. తూర్పు గోదావరి కడియము ప్రాంతమున వేలాది మంది నర్సరీ పనిలో జీవించుచున్నారు. అచ్చటి నుండి లారీలలో వచ్చు మొక్కలు మన తెలంగాణ పట్టణములన్నింటిని నింపుచున్నవి. ఆ రైతుల నేర్పు గొప్పది, సందేహము లేదు. కాని గోదావరి ఒండ్రుమట్టిలో, కాలువ నీటితో పెరిగిన మొక్క ఏప్రిల్ మాసమున పాలమూరు చల్కలో దిగినపుడు దాని గతి ఏమగును? అది వచ్చిన వెంటనే నాటరాదు. పదిహేను దినములు చెట్టు నీడలో ఉంచి, క్రమముగా ఎండకు అలవాటు చేసి, వాన పడిన పిదప నాటవలెను. యజమానికి అంత ఓపిక ఉండదు. ప్రారంభోత్సవము నాటికి పచ్చగా కనిపించిన చాలునందురు. ప్రారంభోత్సవమునకు వచ్చిన అతిథులు మరలిపోవుదురు. మొక్కలును వారి వెంటనే పోవును.

త్వరగా పచ్చగా కనిపించవలెనను ఈ తొందరయే కోనోకార్పస్ అను మొక్కను మన వీధులకు తెచ్చినది. ఆఫ్రికా, అరేబియా తీరముల నుండి వచ్చిన ఈ మొక్కకు పశువు నోరు పెట్టదు, ఏడాదిలోనే గోడవలె నిలుచును. అందుచేత రోడ్ల నడుమ, కార్యాలయముల చుట్టు వేలకొలది నాటినారు. దాని వేర్లు నీటి గొట్టములను, పునాదులను వెదకుకొని పోవుననియు, పుప్పొడి వలన ఊపిరి వ్యాధులు కలుగుననియు ఫిర్యాదులు వచ్చినవి. 2015లో ప్రారంభమైన తెలంగాణ హరితహారములో దీనిని నాటరాదని 2022లో ఆదేశములు వెలువడినవి. గుజరాత్ ప్రభుత్వము 2023లో దీనిని నిషేధించినది. తొందరకు వేసిన పచ్చదనమును తిరిగి పెరుకుటకు మరల ఖర్చు.

మన ఊరి చెట్లకు ఏమి తక్కువ? వేప, కానుగ, నేరేడు, చింత, ఏడాకుల పాల. చోటు విశాలముగా నున్న రావి, మర్రి. చిన్న చోటుకు సీతాఫలము. మన బాలానగర్ పేరు మీదనే ఒక సీతాఫలపు రకము దేశమంతట ప్రసిద్ధికెక్కినది. బంగారు పూల తంగేడు బంజరులో నీరు పోయువాడు లేకనే పూయుచున్నది. రాష్ట్ర పుష్పమైనను దానిని తోటలో నాటువారు అరుదు. కంచె కొరకు గోరింట కన్న మంచిది లేదు. పాత హైదరాబాదు ఇండ్లలో మెహందీ కంచెలు ఉండెడివి. అది ఎండకు చెదరదు, కత్తెరకు లొంగును, వాన కాలమున పూచినపుడు వీధియంతయు పరిమళించును. పైగా పండుగ ముందు దినమున ఇరుగుపొరుగు ఆడపిల్లలు వచ్చి ఆకులు కోసికొని పోవుదురు. నా చేతిలోని ఒక మందుల దుకాణము వారు మొదట దీనికి విసుగుకొన్నారు. రంజాను నెలలోను, ఆషాఢములోను ఆ కంచె వద్దకు వచ్చు పిల్లల తల్లులే తమ ఖాతాదారులని గ్రహించిన పిదప వారే గుమాస్తాతో చెప్పి కొమ్మలు వంచి యిప్పించుచున్నారు.

నాటుట ఒక దినపు పని. నిలుపుట మూడు వందల అరువది దినముల పని. రోహిణి కార్తెలో గుంతలు త్రవ్వి ఎండకు విడువవలెను. మృగశిరలో మొదటి వాన పడగానే చెరువు ఒండ్రు, పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపవలెను. వేపపిండి లేనిచో మన చల్కలో చెదలు మొదటి వేరునే కొరుకును. మొక్క చుట్టు పాదు కట్టి ఎండుటాకులు పరచవలెను. ఆకులు ఊడ్చి కాల్చుట మన పట్టణపు దురాచారములలో ఒకటి. చెట్టు తన ఎరువును తానే రాల్చుకొనుచుండగా దానిని కాల్చి, బజారులో సంచి కొని తెచ్చి పోయుట ఏ లెక్కల పుస్తకములోను లాభము కాదు. వేసవిలో నీరు పగటి వేళ పోయరాదు, తెల్లవారు జామున గాని రాత్రి గాని పోయవలెను. దినము కొంచెము కొంచెముగా గాక, వారమునకు రెండు మారులు లోతుగా పోయవలెను. పైపైన తడి దొరకిన వేరు పైననే తిరుగును, లోతున తడి యున్ననే క్రిందికి దిగును. అబ్బాజాన్ దీనిని దక్కనీలో ఒక్క వాక్యమున చెప్పెడివారు: "పానీ జడ్‌కూ దేవ్, పత్తేకూ నక్కో." నీరు వేరునకిమ్ము, ఆకునకు వద్దు అని అర్థము.

ఈ వృత్తిలో నేను పడిన పోరాటములలో ఒకటి ఇచట చెప్పవలెను. పట్టణమున ఒక బట్టల దుకాణము ముందర ముప్పది ఏండ్ల వేపచెట్టు గలదు. దుకాణము చేతులు మారి క్రొత్త సేటు వచ్చినారు. పెద్ద బోర్డు చేయించినారు. ఒకనాడు నన్ను పిలిపించి అన్నారు: "భాయ్, లక్షన్నర పెట్టి బోర్డు చేయించిన. ఈ చెట్టు దాన్ని మొత్తం మింగింది. రేపు పొద్దుగాల మనుషుల్ని తెచ్చి కొట్టేయించు."

చట్టమున్నది, అనుమతి కావలెనని చెప్పవచ్చును. కాని చట్టము చెప్పిన యజమాని ఒక రాత్రి చూచుకొనును. ఈ ఊరిలో ఆదివారము తెల్లవారునప్పటికి మాయమైన చెట్లు కొన్నింటిని నేనెరుగుదును. కావున నేను చట్టము మాట ఎత్తలేదు. "సేట్ సాబ్, ఒక్కనాడు నాలుగింటికి నాతో పాటు బయట కూర్చోండి, తర్వాత మీరు ఎట్ల చెప్తే అట్ల చేస్తా" అని అంటిని. ఆయన నవ్వి, సరే అన్నారు.

మే మాసపు సాయంకాలము. రోడ్డునకు ఆ వరుసలో ఎనిమిది దుకాణములు. మోటారు సైకిళ్ళ మీద వచ్చినవారు ఎచటి పని మీద వచ్చినను బండిని వేప నీడలోనే నిలుపుచున్నారు. ఒక గంటలో పదకొండు బండ్లు ఆ చెట్టు క్రింద నిలిచినవి. ప్రక్క దుకాణము ముందర ఎండలో ఒక్కటియు నిలువలేదు. బండి నిలిపినవాడు ఎదుటి గాజు తలుపులోని చీరలను చూడక మానలేదు. భార్యాబిడ్డలతో వచ్చినవారు నీడలోనే నిలిచి బేరమాడుకొని లోపలికి పోయినారు. సేటు ఏమియు అనలేదు. లేచి లోపలికి పోయి, రెండు కప్పుల చాయ్ తెప్పించినారు.

"మరి నా బోర్డు?" అని అడిగినారు. దానికి మార్గమున్నది. చెట్టు క్రింది కొమ్మలను రెండేండ్లలో, నాలుగు దఫాలుగా తీసి, నీడను పన్నెండడుగుల పైకి ఎత్తితిమి. ఒక్కమారుగా నాలుగవ వంతు కన్న ఎక్కువ ఆకు తీయరాదు. తీసినచో చెట్టు డస్సిపోవును. కొమ్మను మానుకు అంటునట్లు కోయక, మొదట నుండు ఉబ్బును విడిచి కోయవలెను. ఆ ఉబ్బు నుండియే బెరడు పెరిగి గాయమును మూసివేయును. బోర్డును నాలుగడుగులు క్రిందికి దింపితిమి. నేడు రోడ్డు మీద పోవువానికి కొమ్మల క్రింద బోర్డు, బోర్డు క్రింద తలుపు చక్కగా కనిపించుచున్నవి. గత వేసవిలో సేటు ఆ చెట్టు మొదట రెండు మట్టికుండలు పెట్టించి చలివేంద్రము నడిపినారు. చెట్టును కాపాడినది నా వాక్చాతుర్యము కాదు. ఆ గంటసేపటి నీడ తన వాదమును తానే వినిపించినది.

అన్ని చోట్ల ఇట్లు జరుగదు. వేరొక వ్యాపార భవనము ముందర మేము ఎనిమిది కానుగలు, నాలుగు నేరేళ్ళు నాటి రెండేండ్లు పెంచితిమి. మూడవ యేట వారు ఆవరణమంతయు రాతి పలకలు పరపించినారు. చెట్టు మొదలు చుట్టు నాలుగడుగుల మట్టి విడువుడని నేను బ్రతిమాలితిని. బండ్లు నిలుపుటకు చోటు తగ్గునని వారు వినలేదు. సిమెంటు మాను వరకు వచ్చినది. ఆ వేసవిలోనే ఆకులు చివరల నుండి మాడినవి. సెప్టెంబరు నాటికి పన్నెండింటిలో తొమ్మిది ఎండినవి. మొక్కలు చచ్చినవి గావున ఆరు మాసముల డబ్బు ఇయ్యమన్నారు. ఆ డబ్బు నాది మాత్రమే కాదు. నాతో పనిచేయు ఐదుగురి కూలి అది. అందులో ఒక వితంతువు తన కూతురు ఇంటర్మీడియెట్ ఫీజు ఆ డబ్బు నుండి కట్టవలసి యుండెను. ఆ ఫీజు మేమందరము కలిసి కట్టితిమి. పిల్ల చదువు ఆగలేదు. కాని ఆ తొమ్మిది చెట్ల మోళ్ళు రాతి పలకల నడుమ చాల కాలము నిలిచియుండినవి.

వేరు ఊపిరి పీల్చుకొనును. ఈ చిన్న సత్యము తెలియక ఎన్ని చెట్లు బలియగుచున్నవో! మట్టి కణముల సందులలోని గాలిని వేరు తీసికొనును. పైన సిమెంటు పరచిన గాలి ఆగును, నీరు ఆగును, క్రింద వేడి పెరుగును. చెట్టును గొడ్డలితో నరికిన నేరమగును. మొదలు చుట్టు సిమెంటు పోసి చంపిన సుందరీకరణమగును.

ఈ పాఠమును మన జిల్లాకు నేర్పుటకు ఒక మహావృక్షము మన ముంగిటనే యున్నది. పట్టణమునకు నాలుగు కిలోమీటర్ల దూరమున పిల్లలమర్రి. దాని వయస్సు సుమారు ఏడు వందల ఏండ్లని చెప్పుదురు. మూడెకరముల మేర పరచుకొని, దూరము నుండి చిన్న కొండవలె కనిపించును. దాని నీడలో ఒక ముస్లిం సాధువు సమాధి గలదు. దాపుననే శ్రీశైలము జలాశయమున మునుగు ప్రాంతము నుండి తెచ్చి మరల నిలిపిన దేవాలయము గలదు. మనలో ఆ చెట్టు క్రింద చద్ది తినని వాడెవడు? కొమ్మలకు ఊగని బాలుడెవడు? అన్ని తరముల వారము ఊగితిమి. లోలోపల చెదలు తొలిచినవి. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడినది, సందర్శకులను నిలిపివేసినారు.

అటు పిమ్మట జరిగిన వైద్యము ప్రపంచ పత్రికలకు ఎక్కినది. 2018లో అధికారులు మొదట మానునకు రంధ్రములు చేసి క్లోర్‌పైరిఫాస్ మందు పోయగా అది నిలువక బయటికి కారినది. అపుడు ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించు రీతిగా, మందు కలిపిన నీటి సీసాలను కొమ్మలకు వ్రేలాడదీసి, సన్నని గొట్టముల ద్వారా బొట్టు బొట్టుగా మానులోనికి ఎక్కించినారు. ఇట్టి సీసాలు వందలు. బరువెక్కిన కొమ్మలకు క్రింద స్తంభములు నిలిపినారు. వ్రేలాడు ఊడలకు గొట్టములు తొడిగి నేల వరకు దారి చూపినారు. ఊడ నేలను తాకి నాటుకొన్ననే మర్రికి క్రొత్త కాలు వచ్చును.

ఏడు వందల ఏండ్ల చెట్టుకు వైద్యము చేయుట ఘనకార్యమే. అయితే ఒక తోటమాలిగా నాకు ఒక ఆలోచన కలుగుచున్నది. చెదలు ఒక్క దినమున పట్టినవి కావు. చెట్టు క్రింద తిరుగు వేల పాదముల వలన నేల గట్టిపడుటయు, రాలిన ఆకు రాలినట్లే ఊడ్చివేయుటయు, ఊడలను ఉయ్యాలలు చేయుటయు ఏ చెట్టునకైనను మేలు చేయునవి కావు. ప్రతి మాసము చేయు చిన్న సేవ లేనిచోట, ఒకనాడు పెద్ద వైద్యము తప్పదు. దుకాణము ముందరి ఐదేండ్ల కానుగకైనను, పిల్లలమర్రికైనను ధర్మ మొక్కటియే.

ఇక ఈ పనిచేయు మనుష్యులను గురించి నాలుగు మాటలు. పాలమూరు కూలి అను పేరు దేశమంతట ప్రసిద్ధము. ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మన్ను మోసినవారు మనవారు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ ప్రాంతమున అద్దాల మేడలు లేచినవి. వాటి చుట్టు తోటలు లేచినవి. ఆ తోటలలో ఎండ పొద్దున కలుపు తీయుచు కనిపించు ఆడవారిని పలుకరించి చూడుడు. నారాయణపేట, కోస్గి, మక్తల్, దేవరకద్ర అను పేర్లు వినవచ్చును. తమ ఊరిలో చేను ఎండినందున పరాయి ఊరి పచ్చికకు నీరు పట్టుచున్నారు. మేడలో పనిచేయువారికి ఆ తోట కంటికి విశ్రాంతి. వీరికి అది మధ్యవర్తి చేతిలో సగము కరిగి వచ్చెడి కూలి. తోటను గుత్తకు ఇచ్చు కాగితములలో మొక్కల సంఖ్య ఉండును, పచ్చిక కొలత ఉండును, ఎరువు సంచుల లెక్క ఉండును. మనుష్యులకు నీడలో అన్నము తిను చోటు, త్రాగు నీరు, కాలకృత్యముల గది ఉండవలెనని వ్రాసిన కాగితమును నేను అరుదుగా చూచితిని. తాము నాటిన చెట్టు క్రింద తాము కూర్చొనుటకు అనుమతి లేని తోటలు కూడ కలవు.

కావుననే నేను క్రొత్త ఒప్పందము వ్రాయునపుడు మూడు షరతులు చేర్చుచున్నాను. మొదటిది, చెట్టు మొదలు చుట్టు నాలుగడుగుల మట్టిని మూయరాదు. రెండవది, పనివారి కూలి నెలనెల పదవ తేది లోపల ఇయ్యవలెను. మొక్కల తగవు కూలికి ముడిపెట్టరాదు. మూడవది, పనివారు మధ్యాహ్నము ఆ తోటలోనే నీడన కూర్చొని భోజనము చేయుదురు. ఈ మూడింటిని చూచి రెండు స్థలముల వారు నన్ను వద్దన్నారు. పదునాలుగు స్థలముల వారు ఒప్పుకొన్నారు. బి.కాం. చదువు నాకు ఏమిచ్చినదని అడుగు బంధువులకు ఈ మూడు వాక్యములే నా సమాధానము. అబ్బాజాన్‌కు నా కన్న మొక్కలు బాగుగా తెలియును. కాని ఆయన కాగితము మీద ఏమి వ్రాసియున్నదో చదువకనే వ్రేలిముద్ర వేసెడివారు.

విద్యార్థి మిత్రులారా! మీలో వృక్షశాస్త్రము చదువువారు కలరు, వాణిజ్యము చదువువారు కలరు, ఉర్దూ తెలుగు సాహిత్యములు చదువువారు కలరు. తోట పని చదువురానివాని పని అను అపోహను విడువుడు. నేల పరీక్ష తెలిసినవాడు, నీటి లెక్క తెలిసినవాడు, ఒప్పందము వ్రాయగలవాడు, యజమానితో మర్యాదగా మాటలాడి ఒప్పించగలవాడు ఈ పనిలోనికి వచ్చిన, మన పట్టణము రూపము మారును. దానితో పాటు పదిమందికి నిలుకడయైన కూలి దొరకును. రేపు మీలో కొందరు దుకాణములు పెట్టుదురు, ఆసుపత్రులు కట్టుదురు, ఇంజనీర్లై నక్షాలు గీయుదురు. ఆనాడు నక్షాలో ఆకుపచ్చ రంగు పూయునపుడు ఆ రంగు క్రింద ఒక వేరున్నదని, ఆ వేరు ప్రక్కన ఖుర్పీ పట్టిన ఒక మనిషి కూర్చొని యున్నాడని జ్ఞప్తియందుంచుకొనుడు. రాబోవు మృగశిర కార్తె నాటికి ఎవరైనను తమ యింటి ముందరనో, తండ్రి దుకాణము ముందరనో ఒక వేపమొక్క నాటదలచినచో, గుంత రోహిణిలోనే త్రవ్వి యుంచుకొనుడు. మొక్క నేను తెచ్చి యిచ్చెదను. నీరు పోయు భారము మాత్రము మీది.